పడటానికో ప్యాంటు

ఆఫీసులో అందరూ ఆయన్ని రిహార్సలు గారనేవారు. ఇన్సూరెన్సు కంపెనీలో తనిఖీ ఆఫీసరు. 'నిచ్చెన మీంచి పడ్డాను, పరిహారం ఇప్పించండి' అని ఎవరైనా ఫారం పంపితే, మిగతా ఆఫీసర్లు కుర్చీలో కూర్చునే ఔననో కాదనో రాసేసేవారు. ఈయన అలాక్కాదు. ఆ ఇంటికి వెళ్లి, ఆ నిచ్చెనే వేయించుకుని, ఎక్కి, తాను కూడా పడి చూసేవారు. పడ్డాక లేచి దుమ్ము దులుపుకుని, "ఊఁ, నిజమే" అనేవారు.

కొత్తగా చేరిన టైపిస్టుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజే కార్బన్ పేపర్ల కోసం ఆయన సొరుగు లాగితే దూది, టింక్చరు సీసా, కొలత టేపు, వాటి కింద మోకాళ్ల దగ్గర చిరుగులు పడిన పాత ఖాకీ ప్యాంటు కనిపించాయి.

"ఇదేంటి సార్?"

"పడటానికమ్మా. మంచి ప్యాంటుతో పడితే మా ఆవిడ ఊరుకోదు."

నవ్వాలో, ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలో తెలియక ఆమె నిలబడిపోయింది. అంతలో ఫోను మోగింది. ఆయన భార్య. "ఆయనకి కాస్త చెప్పమ్మా, ఇవాళ ఎక్కణ్ణించి పడినా ఎడమవైపు మాత్రం పడొద్దని. మొన్నటి దెబ్బే ఇంకా మానలేదు."

ఆ మహాతల్లి ఓపికే ఓపిక! రోజూ పొద్దున భర్త చేతికి కారేజీ ఇస్తూ, "ఇవాళ ఎక్కణ్ణించి?" అని అడిగేదట. ఆయన చెప్పులేసుకుంటూ, "గోడ మీంచి" అనో, "సైకిలు మీంచి" అనో చెప్పి బయల్దేరేవారట.

వెంట వెళ్లి రాసుకోవడం టైపిస్టు పని. పుస్తకాల బీరువా తన మీద పడిందని ఓ గ్రంథాలయం గుమాస్తా రాస్తే, ఈయన వెళ్లి అదే బీరువాని తన మీదకి లాక్కున్నారు. నిఘంటువులన్నీ నెత్తిన పడ్డాయి. టైపిస్టు పెన్ను పడేసి పరిగెత్తింది. ఆ పుస్తకాల గుట్టలోంచి మాత్రం, "ఎన్ని సంపుటాలు పడ్డాయో లెక్క రాసుకున్నావా అమ్మాయ్?" అని నీరసంగా వినబడింది.

ఒక్కడంటే ఒక్కడు అబద్ధం చెప్పి దొరికిపోయాడు. ఎత్తయిన పిట్టగోడ మీంచి పడ్డానన్న దుకాణదారు. ఈయన ఖాకీ ప్యాంటు తొడుక్కుని గోడెక్కి, "ఇక్కణ్ణించేనా? మొహం అటా ఇటా?" అని శ్రద్ధగా అడుగుతుంటే ఆ మనిషికి చెమటలు పట్టాయి. "దిగండి సార్, మీకు దణ్ణం పెడతాను! నేను పడనే లేదు!" అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. రిహార్సలు గారు దిగొచ్చి, అంత దూరం వచ్చి పడకుండా వెళ్తున్నందుకు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

మేనేజరు బల్ల పక్కన ఓ బుట్ట ఉండేది. కొట్టేయాల్సిన ఫారాలన్నీ ఎర్ర గీతతో అందులో పడేవి. పొద్దున్నే రిహార్సలు గారు దాని ముందు కూర్చుని, ఏరి ఏరి నాలుగైదు పట్టుకుపోయేవారు. "అనుమానం పక్షి! కన్నతల్లి చెప్పినా పడి చూడందే నమ్మడు" అని ఆఫీసంతా నవ్వుకునేది. టైపిస్టుకి మాత్రం ఒళ్లు మండేది. కాలో చెయ్యో విరిగి కూర్చున్నవాళ్లని పట్టుకుని ఇంకా ఈ శల్యపరీక్షలేమిటి? మనిషికి మనిషి మీద ఆమాత్రం నమ్మకం ఉండొద్దూ? ఇన్ని అనుకుంటూనే ఆయన రిపోర్టు కింద ఎప్పుడూ ఉండే ఆ వాక్యాన్ని టకటకా కొట్టేది: 'నేను స్వయంగా పడి చూశాను. వీరు చెప్పింది నిజం.'

ఆయన రిటైరవడానికి నెల ఉందనగా కుట్టుపనావిడ ఫారం వచ్చింది. ఆమెకి మొదటి అంతస్తులో ఓ చిన్న గది. చక్రాల స్టాండు మీదున్న మోటారు కుట్టుమిషను తనంతట తానే నడుచుకుంటూ వెళ్లి మెట్ల మీంచి పడి ముక్కలైందని రాసింది. మేనేజరు పడీ పడీ నవ్వి ఎర్ర గీత గీసేశాడు. "మిషను నడవటమేమిటండీ! కొత్తది కొట్టేద్దామని తనే తోసేసుంటుంది."

ఆ ఫారం పట్టుకుని రిహార్సలు గారూ టైపిస్టూ వెళ్లేసరికి ఆవిడ కళ్లు వాచిపోయి ఉన్నాయి. "బడిపిల్లల యూనిఫారాలు ఒప్పుకున్నానండీ. ఈ నెలలో ఇవ్వకపోతే ఆ పని ఇంకొకళ్లకి పోతుంది. నాకున్న ఆధారం అదొక్కటే."

"అప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"డాబా మీద బట్టలు ఆరేస్తూ..." ఆవిడ తలొంచుకుంది. "పక్కింటావిడతో కబుర్లలో పడ్డానండీ. ఓ గంట. మోటారు ఆపడం మర్చిపోయాను. మోటారు నడిపే తొక్కుడు మీద బట్టల మూట పడి, అది తిరుగుతూనే ఉన్నట్టుంది. సిగ్గేసి ఫారంలో అవన్నీ రాయలేదు."

రిహార్సలు గారు వంగి నేల చూశారు. పాత చెక్కనేల, మెట్ల వైపు వాలు. ప్లగ్గు కూడా మెట్ల పక్క గోడకే. మర్నాడు అచ్చం అలాంటి మిషనునే అరువు తెప్పించి, తొక్కుడు మీద మూట పెట్టి, చక్రాల దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. ఆవిడ మిషనుకి అడ్డం నిలబడింది. "ఇదీ పడితే నా గతేంటండీ?" అంది. అందుకని మిషనుకి తాడు కట్టారు.

సంగతి తెలిసి మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఏమిటండీ ఈ వేషాలు? ఈ వయసులో మిషనుతో కలిసి మెట్ల మీద దొర్లుతారా?"

"లేదు సార్, ఈసారి అదొక్కటే పడుతుంది. కాస్త ఈ తాడు పట్టుకుంటారా? నడవదని మీకెలాగూ నమ్మకమేగా."

"పట్టుకుంటాను. సాయంత్రం దాకా పట్టుకుంటాను!"

మోటారు వేశారు. మిషను గడగడమంటూ వణికింది. పావుగంట గడిచింది. మేనేజరు తాడు పట్టుకుని కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఈలపాట అందుకున్నాడు. సుద్దగీత దాటి బెత్తెడు. అరగంటకి మూరెడు. ఈలపాట ఆగింది. మిషను పెళ్లికూతురిలా మెల్లమెల్లగా మెట్ల దాకా నడిచి, ముందు చక్రం కిందికి జార్చింది.

"ఆపండి! ఆపండి!" అని అరుస్తూనే మేనేజరు తాడుతో సహా మూడు మెట్లు కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారాడు. కుట్టుపనావిడ ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేసింది. మిషను మెట్ల పక్క కటకటాలకి ఆనుకుని క్షేమంగా ఆగిపోయింది.

రిహార్సలు గారు మెట్ల పైనుంచి తొంగి చూశారు. "రాసుకోమ్మా. మిషను నడిచింది. మేనేజరు గారు స్వయంగా పడి చూశారు."

మూడో మెట్టు మీద కళ్లజోడు తడుముకుంటున్న మేనేజరు దాన్ని సరిగ్గా పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

తిరుగు బస్సులో టైపిస్టు ఇక ఉండబట్టలేక అడిగేసింది. "సార్, నిజం చెప్పండి. మీరు ఆవిణ్ణి కూడా నమ్మలేదా?"

"అదేమిటమ్మా, ఫారం చదివినప్పుడే నమ్మాను."

"మరి ఇన్నేళ్లుగా ఈ పడటాలు..."

"నాకు నమ్మకం ముందే కుదిరేది. పైవాళ్లకి కుదరొద్దూ? కుర్చీలో కూర్చుని నమ్ముతున్నానంటే ఎవరు వింటారు? నెత్తికి కట్టుతో వెళ్లి చెబితే కాదనడానికి వాళ్లకే మొహమాటం." ఆయన మోకాలు రుద్దుకుంటూ నవ్వారు.

ఆమెకి ఆ బుట్ట గుర్తొచ్చింది. ఏరి తెచ్చుకున్న ఒక్కో ఎర్ర గీతా గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎంత మాటనుకున్నానా అని సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వీడ్కోలు రోజున కుట్టుపనావిడ పొట్లం తెచ్చింది. కొత్త మిషను మీద మొట్టమొదట కుట్టినదట. సరికొత్త ఖాకీ ప్యాంటు! మోకాళ్ల దగ్గరా, వెనకా దట్టంగా దూది పెట్టి కుట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. కళ్లు చెమర్చాయి. "ఇప్పుడా తల్లీ ఇచ్చేది!" అని నవ్వేసి, మడతపెట్టి, తిన్నగా తీసుకెళ్లి టైపిస్టు సొరుగులో పెట్టారు.

ఇప్పుడు ఆ కార్బన్ పేపర్లు లేవు, ఆ టకటకలూ లేవు. ఫారాలన్నీ తెర మీదే వస్తాయి, ఎర్ర గీత కూడా తెర మీదే పడుతుంది. టైపిస్టు పరీక్షలు రాసి తనిఖీ ఆఫీసరై చాలా ఏళ్లయింది. ఖాకీ ప్యాంటుని నడుము దగ్గర రెండుసార్లు బిగించి కుట్టించుకుంది. దూది మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.

రోజూ పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే భర్త కారేజీ చేతికిస్తూ అడుగుతాడు.

"ఇవాళ ఎక్కణ్ణించి?"