పంపరపనస అంటు, జంబేరి చిగురు

1967లో ఖరగ్‌పూర్‌లో, ప్రేమ్ బజార్‌కి వెళ్ళే దారిలో నాకొక చిన్న నర్సరీ ఉండేది. నిమ్మజాతి మొక్కలంటే నాకు పిచ్చి. ఎవరి పెరట్లోనైనా అరుదైన రకం ఉందని తెలిస్తే సైకిలేసుకుని వెళ్ళి పండో గింజో అడిగి తెచ్చుకునేవాణ్ణి. ఈ వృత్తిలో చీడపీడలతో కంటే మనుషులతోనే ఎక్కువ వేగాలి. నా తల ప్రాణం తోకకు తేవడానికి అప్పలనాయుడు ఒక్కడు చాలు.

నాయుడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఎర్ర తొనల పంపరపనస చెట్టుండేది. చేదన్నదే లేదు. వాళ్ళమ్మ సన్యాసమ్మ కాపురానికొచ్చిన ఏడు నాటిందట. ఆస్తి పంచుకున్న పాలివాళ్ళు దాన్ని కొట్టేస్తున్నారని తెలిసి వెళ్ళి, రెండు కాయలూ, తడిగుడ్డలో చుట్టిన నాలుగు కొమ్మలూ రైల్లో తెచ్చి నా చేతిలో పెట్టాడు. గింజలు వేశాను గానీ, పంపరపనస గింజకి తల్లి పోలిక వస్తుందన్న నమ్మకం లేదు. అవీ మొలిచి కుళ్ళిపోయాయి. ఇక కొమ్మలే దిక్కు.

నేను ఏటా జంబేరి గింజలు వేసేవాణ్ణి. అది పుల్లటి మొరటు నిమ్మ. పండు కోయగానే గింజ కడిగి నాటాలి, ఎండబెడితే చస్తుంది. ఒక్కో గింజకి రెండు మూడు మొలకలొస్తాయి. ఒక తీరుగా ఉన్నవి ఉంచి మిగతావి పీకేస్తాం. పెన్సిలంత లావయ్యాక అదే రూట్‌స్టాక్, అంటే వేరిచ్చే మొక్క. దాని బెరడు చీల్చి మంచి రకం కొమ్మ మీది కన్ను, అంటే చిగురు మొగ్గ, కోసి దూర్చి కట్టడమే బడ్డింగ్. నాయుడు తెచ్చిన కొమ్మల కళ్ళన్నీ కడితే ఒక్కటే బతికింది.

ఆ మొక్కని ఇస్తూ నాయుడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కట్టు కింద నుంచి వచ్చే చిగురు సక్కర్, అది జంబేరిది, కనబడగానే గిల్లెయ్యి, లేకపోతే పైదాన్ని చంపేస్తుందని. "ఠీక్ హై బావూ" అన్నాడు. తర్వాత రెండుసార్లు వేపపిండి కోసం వచ్చాడు. గిల్లుతున్నావా అంటే మాసిన గడ్డం గోక్కుని, మొక్క జోరుగా ఉందన్నాడు.

నాలుగో నెలలో అనుమానమొచ్చి వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ముళ్ళ జంబేరి నడుమెత్తున పచ్చగా నిలబడి ఉంది. కట్టు పైన పంపరపనస ఎండుపుల్ల అయిపోయింది. గోటితో గీరి చూశాను, ఎక్కడా పచ్చి లేదు. నాకు ఒళ్ళు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందనీ, ఆ చెట్టు ఇక భూమ్మీద లేదనీ, చేజేతులా చంపావనీ నోటికొచ్చినట్టు తిట్టాను. నాయుడు తలెత్తలేదు.

వరండాలోంచి సన్యాసమ్మ లేచి వచ్చింది.

"ఆణ్ణెందుకు తిడతావు బావూ? కోడలు కడుపుతో ఉంది. ఇంట్లో అలాటి మనిషుండగా పచ్చి చిగురు తుంపకూడదని నేనే సెప్పినాను. ముందు రెండు కడుపులు నిలబళ్ళేదు."

పెళ్ళాం కడుపుతో ఉంటే మగాడు గడ్డం గీయించుకోడు. నాయుడు గడ్డం ఎందుకు పెంచాడో అప్పుడు తట్టింది నాకు.

"ఆ మాట నాతో చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"అయిదో నెల దాటకుండా బయట ఎలా సెప్తాం? నువ్వేటి, గిల్లినావా గిల్లినావా అని అడిగినావే గానీ, ఎందుకు గిల్లలేదని ఒక్కపాలి అడిగినావా? నువ్వు మా ఇంటి మనిషివి కావు గదా, నువ్వు తుంపితే తప్పు లేదు. ఒచ్చి గిల్లేసి ఎల్లుంటే సరిపోను."

తిట్టినందుకు సిగ్గేసింది, ఆ మాట నాయుడితో అనలేక సైకిలెక్కేశాను. ఆ ఏడు వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది.

అప్పట్నుంచి అంటు ఎవరికిచ్చినా నెలకోసారి నేనే వెళ్ళి చిగుళ్ళు గిల్లి వచ్చేవాణ్ణి. బొబ్బిలి వైపు వెళ్ళిన ప్రతిసారీ ఆ రకం కోసం వెతికాను. ఎక్కడా దొరకలేదు. సన్యాసమ్మ మళ్ళీ ఆ పండు తినకుండానే పోయింది.