నా మొగుని అంగీల బొంత

"పాత బొంత పీలికలైంది. ఈ చలికి ఇంకోటి కుట్టవా ఏంది?" అన్నాడు నా మొగుడు.

"దేంతోటి కుట్టాలె? నీ పాత అంగీలు అడిగితె ఒక్కటియ్యవైతివి. చినిగినయి గూడ మూట గట్టి దాసుకుంటివి."

"నేను సచ్చినంక తీస్కో పో. అన్నీ నీకే."

"గట్లనే తీస్కుంట. అప్పుడు వద్దనకు."

నవ్వుకుంటూ సద్ది డబ్బా పట్టుకుని పోయాడు. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. మాదాపూర్ దిక్కు గుట్టలు పేల్చి పెద్ద పెద్ద మేడలకు జాగా చదును చేస్తున్న రోజులవి. ఆయన అక్కడ బండ కొట్టేవాడు. ఆ పొద్దున పేల్చిన బండలోంచి ఒక ముక్క ఎగిరొచ్చి తలకు తగిలింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఏడుపు ఎప్పుడో అయిపోయింది. కోపం మాత్రం అయిపోలేదు. దాని కోసమే ఇదంతా చెబుతున్నాను.

దినాల నాడు నా ఆడబిడ్డ వచ్చింది. ఆయనకు అక్క, నాకు వదినె. వచ్చీ రాగానే దండెం మీది ఆయన బట్టలన్నీ లాగింది. మూలన దాచిన మూట కూడా బయటికి ఈడ్చింది.

"ఇవన్ని పారేయాలె. సచ్చినోని బట్టలు ఇంట్ల ఉంచితె వాడు వెతుక్కుంట మల్ల మల్ల వస్తడు."

"రానియ్యి వదినె. నా ఇంటికే గద వచ్చేది. నీకేం ఫికర్?"

"మొగడు పోయి నెల గూడ గాలె, గంత నోరెందుకే నీకు?"

ఆయనే నాకిచ్చి పోయాడని చెప్పాను. ఆ పొద్దున అనుకున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కడూ నమ్మలేదు. బొంత ఆశకు కథ అల్లుతున్నదని నవ్వారు. చావింట్లో కూర్చుని నవ్వారు!

ఇంకొకటి వినండి. పండుగకని కుట్టించుకున్న తెల్ల అంగీ ఒకటి మడత విప్పకుండా ఉండింది. దాన్ని మాత్రం వదినె తన సంచిలో పెట్టుకుంది. "ఇది వాడు తొడగలేదు గద, దీనికేం గాదు. మా ఇంటాయనకు సరిపోతది" అంది. నా మంచి రంగు చీరలు కూడా ఆ సంచిలోకే పోయాయి. నేను ఇక కట్టకూడదట, ఆమె కూతురు కట్టవచ్చట. నాకు ఒంటి మీది చీర, ఇంకో వెలిసిన చీర మిగిలాయి.

పోయినవాళ్ల బట్టలు మామూలుగా చాకలామెకు ఇస్తారు. కానీ ఆమె నాతో మంచిగా ఉంటుంది, మళ్లీ నా చేతికే ఇస్తుందని వదినెకు అనుమానం. అందుకని మూటను తీసుకుపోయి మేడల పునాది గుంటలో పడేసి రమ్మని తన మొగుణ్ణి తోలింది.

మరునాడు నేను గుంట దగ్గరికి వెళ్లాను. అప్పటికే పాలమూరు నుంచి వచ్చిన కూలి ఆడవాళ్లు మూట విప్పి పంచుకున్నారు. ఒకామె నా మొగుడి నీలం గీతల అంగీని చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద ఇటుకలు మోస్తున్నది.

"అది నా మొగునిది! ఇటియ్యి!" అని అరిచాను.

"పారేసినయనుకున్నం అక్కా. మరి నీ మొగడేడి?"

"గీ బండలల్లనే పోయిండు."

ఆమె ఇటుకలు దించింది. అంగీ దులిపి నా చేతిలో పెట్టింది. మిగిలినవాళ్లూ తెచ్చి ఇచ్చారు. ఒక అంగీ మాత్రం చంటిపిల్ల కింద పరిచి ఉంది. పిల్ల నిద్రపోతున్నది. వదిలేశాను.

బొంత కుట్టడం మా దగ్గర ఒక్కరి పని కాదు. నేల మీద పరిచి, పొరలు సర్ది, మూలల మీద రాళ్లు పెట్టి, నాలుగు దిక్కులా ఆడవాళ్లు కూర్చుంటారు. ముచ్చట్లు పెడుతూ అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వస్తారు. నా బొంతకు ఒక్కతె కూడా కూర్చోలేదు. గడప అవతలి నుంచే తొంగి చూసి, "అమ్మో, సచ్చినోని అంగీలు" అనుకుంటూ పోయారు. వాళ్లు కప్పుకునే బొంతలన్నిటిలో నా చేతి కుట్లున్నాయి, అవి మాత్రం పనికొచ్చాయి! కాలర్లు కోసేసి, గుండీలు తెంపి, పైకి వెలిసిన చీర వేశాను. కిందికి ఇంకో చీర లేదు కనుక అంగీలనే అతికాను. ఒక్కదాన్నే నాలుగు దిక్కులా జరుగుతూ కుట్టాను. సూది వేలికి దిగినప్పుడల్లా ఒక్కొక్కతెను తలుచుకుని తిట్టాను.

దీపావళి దాటాక వదినె మళ్లీ వచ్చింది, ఈసారి నా ఇత్తడి బిందె మీద కన్నేసి. వచ్చిన గంటకే చలిజ్వరం తగులుకుంది. మిట్టమధ్యాహ్నం పళ్లు టకటక కొట్టుకుంటూ వణికింది.

"జర ఏదన్న కప్పవే" అంది.

ఇంట్లో ఉన్నది ఒక్క బొంతే. కప్పాను. పొద్దు గూకేదాకా కదలకుండా పడుకుంది. చెమటలు పట్టి జ్వరం దిగింది.

"మస్తు వెచ్చగున్నది. ఎవరిచ్చిన్రే?"

"నీ తమ్ముడు."

అంచు తిప్పి చూసింది. నీలం గీతలు గుర్తుపట్టింది. బొంతను కాళ్లతో తన్ని లేచింది. "నా మీదికి వాన్ని తోలుతవా!" అని వాడంతా వినేలా అరిచి, బిందె సంగతి కూడా మరిచి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి చుట్టాల్లో పెళ్లయినా చావయినా ఆమె నోట ఒకటే మాట. నేను గుంటలోంచి మూట దొంగిలించానట, మొగుడి దయ్యాన్ని ఆమె మీదికి తోలానట. జ్వరం దిగిన సంగతి మాత్రం చెప్పదు. నేను దొంగను కాను. ఆయన ఇచ్చాడు, నేను తీసుకున్నాను. నా మొగుడి బట్టల మీద నాకు లేని హక్కు ఎవరికుంది? నోటితో చెబితే ఎవరూ నమ్మరు, రాద్దామంటే సంతకం గీకడం వరకే వచ్చు. అందుకే నా చెల్లెలి కూతురిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. చుట్టాలందరి నడుమ, ఆమె మొహం మీద చదివిస్తాను.

"రాసినవా బిడ్డా? నువ్వు మెత్తటిదానివి, పెద్దమ్మ కోపాన్ని కడిగి రాసినవేమో. ఒక్క మాట గూడ తగ్గొద్దు. ఏదీ, మొదటికెల్లి సదువు, వింట."