తలుపులో గుడగుడ

ఆ రోజుల్లో నాకు లోకమంతా రొయ్యల గుంటలాగే కనపడేది. అల్లూరు దగ్గర మామ గుంటల్లో మేత నుంచి కాపలా వరకు అన్నీ నేనే చూసుకునేవాణ్ణి. ఎక్కడ బెజ్జం కనపడినా పీత తవ్విన బొరియే అనిపించి, దాన్ని మూసేదాకా చేతులు ఊరుకునేవి కావు (కట్టలో ఒక్క బొరియ వదిలేస్తే చాలు, గుంట ఖాళీ). ఆ అలవాటే నా పెళ్లి సంబంధాన్ని గంగలో కలపబోయింది.

నాయుడుపేటలో ఆ సంబంధం చూసింది మా మేనత్త. నేను మామ పాత పికప్‌లో ఆమెను తీసుకెళ్లాలి, ఆమె నా తరఫున మాట్లాడాలి. "ఆ బండిలో వాన పడితే రెండోసారి బాప్తిస్మం తీసుకున్నట్టుంటాదిరా అబ్బయ్యా! పోయినసారి చర్చికి పోయేసరికి తెల్లచీర ముద్దయిపొయ్యింది. ఈసారి నామీద ఒక్క చుక్క పడినా సంబంధం మాటెత్తను, తిరిగొచ్చేస్తా" అంది. అత్త మాటంటే మాటే.

బండికి దాదాపు నా వయసు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి, పట్టుకుంటే వడియంలా విరిగేది. నెల్లూరులో కొత్త రబ్బరు కొన్నాను. పాత జిగురు బ్లేడుతో గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పై నుంచి మొదలుపెట్టి ఎక్కడా సాగదీయకుండా అరచేత్తో నొక్కుకుంటూ వచ్చాను. తలుపుకు అంటుకుపోకుండా పైన పౌడరు పూశాను (అమ్మ ఆ డబ్బా కోసం ఇల్లంతా వెతికింది). అక్కడితో ఆగి ఉంటే నా అంత పనిమంతుడు లేడు. కానీ తలుపుల కింది అంచున సన్నటి బెజ్జాలు కనపడ్డాయి. 'బండి చేసినవాళ్లకు ఈ మాత్రం తెలియదా!' అనుకుని, పైపుల అతుకులకు పెట్టే ముద్ద తెచ్చి అన్నీ మూసేశాను.

నెల్లూరు దాటకముందే వాన పట్టుకుంది. అత్త సీటు తడిమింది, రబ్బరు తడిమింది. "స్తోత్రం ప్రభువా! పొడిగా ఉండాది" అంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. అంతలో మలుపులో ఎక్కడో గుడగుడమంది.

"ఏందిరా అది?"

"ఏమో అత్తా."

"యెనక చేపలేమన్నా ఏసినావా?"

"లేదత్తా."

బ్రేకు వేస్తే ఆ శబ్దం ముందుకు పోయేది, వదిలితే వెనక్కి వచ్చేది. బండి ఆపి సీటు కింద చూశాను, వెనక చూశాను, నీళ్ల సీసా ఊపి చూశాను. ఏమీ అర్థం కాలేదు. అత్త పొట్ట మీద చెయ్యేసుకుని "పొద్దున తాగిన మజ్జిగేమోరా" అంది అనుమానంగా. ఇంకో మలుపు తిరిగాక ఆ అనుమానం కూడా పోయి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

పిల్ల తండ్రి గొడుగుతో ఎదురొచ్చి, మర్యాదగా అత్త వైపు తలుపు బార్లా లాగాడు. అంతే! గ్లాసు తిప్పే హ్యాండిల్ పక్క నుంచి, లోపలి అట్ట సందుల్లోంచి నీళ్లు చివ్వున ఎగసి ఆయన పంచె మీద పడ్డాయి. గ్లాసు వెంబడి జారిన వాననీళ్లు దిగిపోవడానికే ఆ కింది బెజ్జాలట. దారి మూస్తే అవి మాత్రం ఎక్కడికి పోతాయి?

ఆయన వంగి చూశాడు. "ఈ బెజ్జాలెవురు మూసినారు?"

"నేనేనండీ!" అన్నాను ఛాతీ విరిచి. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

వరండాలో ఒక అమ్మాయి పకపకా నవ్వింది. అది మెచ్చుకోలు కాదని నాకు అప్పుడు తెలిసింది. అత్త తీరిగ్గా దిగి, చీర ముందూ వెనకా చూసుకుంది. "నామీద ఒక్క చుక్క పడలా. ఇంక నేను మాట్లాడాల్సిందే" అంటూ లోపలికి నడిచింది.

ఇప్పటికీ వానలకు ముందు ఆ రబ్బరు తుడిచి పౌడరు రాస్తుంటాను. వెనకాలే మా ఆవిడ తల్లోని పిన్ను తీసి, కింది బెజ్జాలు ఒక్కొక్కటీ పొడుస్తూ వస్తుంది. "మళ్లీ యాడన్నా మూసినారేమో చూస్తుండా" అంటుంది. నేనూ నవ్వుతాను. కానీ వానలో ఛాతీ విరిచి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే కొంచెం బెంగగా ఉంటుంది. ఆ తర్వాత ఎన్నో పనులు సరిగ్గానే చేశాను. ఏ ఒక్కదానికీ అంత ధీమాగా "నేనేనండీ" అనలేకపోయాను.