కుందేళ్ల దీవిలో మా బావగారి కోపం

పోయిన నెల ఒక సోమవారం మా బావగారు పోయారు. అక్క ఫోన్ చేసేసరికి నేను మా ఊరు కిచెనర్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. "మీ బావ ఇక లేరే" అని పెట్టేసింది. వాళ్లుండే సార్నియా దాకా డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఏడవాల్సింది పోయి, ఆ మనిషితో పోట్లాడుతూనే ఉన్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పొగడాలంటారు. పొగుడుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఆయన సార్నియాలో ఒక కెమికల్ ప్లాంట్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కారు ఎక్కడ ఆపినా రివర్స్‌లోనే పార్క్ చేసేవారు. ఏదైనా లీకైతే ముందుకు దూకించి పారిపోవాలట, ప్లాంట్‌లో నేర్పిన అలవాటు. "గుడిలో ఏం లీకవుతుంది బావగారూ?" అంటే "పులిహోర" అనేవారు. కొత్తచోట కారు దిగగానే జెండా వైపో చెట్ల కొమ్మల వైపో చూసి గాలి ఎటు వీస్తోందో, అంటే లీకైన వాయువు ఎటు వస్తుందో, తేల్చుకునేవారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో డ్రైవింగ్ నేర్పింది ఆయనే. "అద్దంలో చూడమంది నీ మొహం కాదు పిల్లా, వెనకొచ్చే బండిని" అని అరిచేవారు. యాభై దాటాక కూడా నన్ను పిల్లా అనేవారు ఆయనొక్కరే.

ఇక ఆ దగ్గు. వేసవిలోనూ దగ్గేవారు. ఎవరడిగినా "చలి" అనేవారు. ప్లాంట్‌లో ఏం పీల్చారని డాక్టరు అడిగితే "అంతా ఆఫీసు పనే" అని కొట్టిపారేశారు. మేం గుచ్చి అడిగితే "ఆ ప్లాంట్ మనకి అన్నం పెట్టింది" అనేవారు. ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరం నోరెత్తేవాళ్లం కాదు. అక్క కూడా ఎత్తేది కాదు.

రెండేళ్ల కిందట అక్కా బావగార్లు, వాళ్లమ్మాయి, నేను, నలుగురం జపాన్ వెళ్లాం. ఒకునోషిమా అనే చిన్న దీవికి తీసుకెళ్లింది అక్క కూతురు. దీవి నిండా కుందేళ్లు. పడవ దిగగానే మేత కోసం కాళ్లకు అడ్డం పడ్డాయి. "మామ్, బన్నీస్!" అని ముప్పై ఏళ్ల పిల్ల చంటిపిల్లలా నేల మీద కూలబడింది. బావగారు మాత్రం గాలి ఎటుందో చూసుకుని, ఒక మూల ఉన్న చిన్న మ్యూజియం వైపు నడిచారు. తోడు నేను వెళ్లాను.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మొదలుపెట్టి, యుద్ధం ముగిసేదాకా అక్కడ సైన్యం కోసం విషవాయువు తయారుచేశారు. దీవిని మ్యాపుల్లోంచే తీసేశారు. కూలీలు తొడుక్కున్న రబ్బరు మాస్కులు, గ్లవ్స్ అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. ప్రాణాలతో మిగిలిన కూలీల్లో చాలామంది ముసలితనం దాకా దగ్గుతూనే బతికారట. ఏం తయారుచేస్తున్నారో ఇంట్లో కూడా చెప్పకూడదని వాళ్లకు కట్టడి. ఆ ముక్క చదివి బావగారు భగ్గుమన్నారు.

"కట్టడి చేస్తే మాత్రం? యుద్ధం అయిపోయాకైనా చెప్పొద్దూ! పక్కలో పడుకునే పెళ్లానికి తెలియక్కర్లేదా, ఎందుకు దగ్గుతున్నాడో?"

ఆ గొంతుకు అక్కడి ఉద్యోగిని కుర్చీలోంచి లేచింది. నాకు ఒళ్లు మండింది.

"మరి మీరు చెప్పారా బావగారూ, అక్కకి?"

ఆయన నా వైపు చూడలేదు. బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చుని చాలాసేపు దగ్గారు. కుందేళ్లు బూట్లెక్కుతున్నా కదల్లేదు.

"చెప్పాలే పిల్లా," అన్నారు చివరికి. "ఒకటి జరిగింది అప్పట్లో. ముందు మీ అక్కకి చెప్పాలి, తర్వాతే నీకు. ఇంటికెళ్లాక చెప్తాను."

వచ్చాక ప్రతి ఫోనులోనూ అడిగాను. "ఈ వీకెండ్" అన్నారు. "అల్లుడొచ్చి వెళ్లనీ" అన్నారు. "మంచు తగ్గనీ" అన్నారు. మంచు తగ్గింది. ఆక్సిజన్ మిషన్ వచ్చింది. ఇంకేం చెప్తారు? లోకంలో అందరికీ జాగ్రత్తలు చెప్పిన మనిషి, ఆ ఒక్కటీ తన వెంటే పట్టుకుపోయారు. జపాను కూలీల నోరైతే ఎవరో నొక్కారు. ఈయన నోరు ఎవరు నొక్కారండీ? ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆయన మీదే కోప్పడుతున్నాను. ఆయన లేరన్నది భరించలేకుండా ఉన్నాను, అది కూడా కలిపే చెబుతున్నాను.

కార్యక్రమాలు ముగిసి బంధువులంతా వెళ్లాక అక్క అడిగింది. "ఆ దీవిలో మీ బావ నీతో ఏం చెప్పారే?"

"నీకు చెప్తానన్నారు" అన్నాను.

అక్క మోగుతున్న టీవీ వైపు చూసింది.

"చెప్పబోయేవారే. ఉన్నట్టుండి టీవీ సౌండ్ తీసేసి నా వైపు తిరిగేవారు. నాకు భయమేసేది. టీ పెడతానని లేచి వెళ్లిపోయేదాన్ని. వచ్చేసరికి మళ్లీ సౌండ్ పెట్టుకునేవారు. ఇంకాస్త కూర్చుంటే ఏం పోయేదే నాకు?"

అక్క రిమోట్ తీసుకుని సౌండ్ తీసేసింది. తెర మీద ఎవరో వార్తలు చదువుతున్నారు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. అక్క ఆయన కుర్చీ వైపు తిరిగి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.