నేను దించని ఇరుముడి

డిసెంబరు నెల రెండో గురువారం, పొద్దున సరిగ్గా ఏడు గంటలకు, అళుదా నది అవతల అడవి గేటు తెరిచారు. వరంగల్ నుంచి వచ్చిన మేం ఐదుగురు స్వాములం అప్పటికే వరుసలో నిలబడ్డాం. శబరిమలకు పోవడానికి పంబ దాకా బస్సు ఉంది. జనరల్ బోగీలో వచ్చి, ఎరుమేలి నుంచి అడవిదారిలో నడిచి, మనమే ఇంత అన్నం వండుకుంటే సగం ఖర్చు మిగులుతుందని అందరినీ ఒప్పించింది నేనే. అది నిజమే. కానీ కారణం అదొక్కటే కాదు.

ఐదుగురిలో ఒకడు నా బామ్మర్ది. తొర్రూరులో ఎరువుల దుకాణంలో గుమాస్తా. మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామి. పదేళ్లుగా షుగర్ ఉంది. నేను యాభై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దుకుంటుంటే, ఒక పెళ్లి పందిట్లో అందరి ముందు నాకు పలకా బలపం బహుమానం ఇచ్చి నవ్వించాడు. నేనూ నవ్వాను. మరిచిపోలేదు.

డాక్టరు వట్టికాళ్లతో నడవొద్దన్నాడని నా భార్య తమ్ముడి సంచిలో మెత్తటి చెప్పులు పెట్టి పంపింది. షుగర్ ఉన్నవాళ్లు వేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. నది ఒడ్డున అతను వాటిని బయటికి తీస్తుంటే అన్నాను:

“చెప్పులేసుకొని పోవుడైతే తొర్రూరు అంగడికి పోవాలె స్వామీ. కొండకెందుకు?”

ఆటో తోలే స్వామి పకపకా నవ్వాడు. బామ్మర్ది ముఖం చిన్నబుచ్చుకుని, చెప్పులు రాయి మీదే వదిలేసి లేచాడు.

ఆ అడవిలో వాన లేకపోయినా చెట్లు కారుతూనే ఉంటాయి. చెమట ఆరదు, పంచె ఆరదు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చినట్టుంటుంది. మన దగ్గర జలగ పొలం నీళ్లలో ఉంటుంది, అక్కడ ఆకుల్లోంచి దారప్పోగులా లేచి కాలికెక్కుతుంది. దారంతా చెట్ల వేర్లు, మొన తేలిన రాళ్లు, నరికిన వెదురు మొదళ్లు. అందరం కుంటుతున్నాం, ఒక్క బామ్మర్ది తప్ప.

కాశిబుగ్గలో మగ్గం నేసే స్వామి ఆశ్చర్యపోయాడు. “మన పాదాలు పగులుతానయ్. కన్నెస్వామిని చూడున్రి, పరుపు మీద నడిచినట్టు పోతాండు.”

“నాకేం తెలుస్తలేదు స్వామీ. మెత్తగనే ఉన్నది,” అన్నాడు బామ్మర్ది గర్వంగా.

“అయ్యప్ప దయ,” అన్నారు మిగతావాళ్లు.

తెలుస్తలేదన్న ఆ మాట నాకొక్కడికే వేరేగా వినబడింది. నేను మార్కెట్లో పత్తి బస్తాలు మోసిన హమాలీని. మాలో ఒకడికి షుగర్‌తో పాదాలు మొద్దుబారి, మేకు దిగినా తెలియక కాలు పోయింది. అతన్ని దవాఖానకు మోసుకుపోయింది నేనే.

ఆ యాత్రలో ఒక కట్టుబాటు ఉంది. నెత్తిమీది ఇరుముడిని ఎవరికి వారు దించుకోకూడదు, గురుస్వామే దించాలి. మా ఐదుగురికీ గురుస్వామిని నేనే. పద్దెనిమిదోసారి పోతున్నాను కాబట్టి నా భుజానికి కొబ్బరి మొక్క వేలాడుతోంది. శబరిమలలో అది నాటితే పూర్తి గురుస్వామినవుతాను.

పది గంటలప్పుడు నేను బామ్మర్ది వెనక నడుస్తున్నాను. తడి బండ మీద అతని ఎడమ పాదం ముద్ర ఎర్రగా పడింది. తర్వాతి బండ మీదా పడింది. కాలెత్తినప్పుడు చూశాను, వేళ్ల కింద వెదురు పుల్ల విరిగి దిగబడి ఉంది.

“జర ముడి దించు బావా, దమ్మొస్తాంది,” అన్నాడు.

“ఈడ బావ ఎవరు లేరు. పైకెక్కినంక దించుత. నడువు.”

నడిచాడు.

దారిలో ఎక్కే కొండ మీద ప్రథమ చికిత్స గుడిసె ఉంది. బయట కూర్చున్న మలయాళీ నర్సు బామ్మర్ది కాలు చూసి లేచింది, చేయి ఊపి ఏదో అంది. భాష తెలియకపోయినా ఏమన్నదో తెలుసు. ఆమె ఆ కాలు పట్టుకుంటే అతన్ని వెనక్కి పంపుతుంది, తోడుగా బావనని నేనూ పోవాలి, మొక్క మొక్కలాగే ఇంటికొస్తుంది. నేను ఆమెకు చేయి అడ్డంగా ఊపి, “ఏం లేదమ్మా, జలగ,” అన్నాను. బామ్మర్ది వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాను. ఆ గుడిసె కనబడనంత దూరం పోయాకే ఇరుముళ్లు దించాను.

పొద్దు వాలాక పంబలో స్నానం చేస్తుంటే మగ్గం స్వామి చూశాడు.

“ఇదేంది స్వామీ, కాలు ఇట్లయింది? ఇంత పుల్ల ఎప్పుడు దిగింది?”

“ఏమో,” అన్నాడు బామ్మర్ది, ఎవరి కాలో చూస్తున్నట్టు.

మగ్గం స్వామి నా వైపు తిరిగాడు. “ఎన్కనే నడిచిన్రు గద, సూడలేదా?”

“సూడలే,” అన్నాను. పుల్ల పీకి పసుపు అద్ది కట్టు కట్టాను. దర్శనం అయింది. మొక్క నాటాను.

వరంగల్ దవాఖానలో ముందు రెండు వేళ్లు తీశారు. నెల తిరక్కుండా మోకాలి కింద దాకా తీశారు. దుకాణం వాళ్లు వేరే గుమాస్తాను పెట్టుకున్నారు. కాలు స్వామికిచ్చిన పుణ్యాత్ముడని జనం అతనికి దండం పెడతారు. అతనూ అదే నమ్ముతాడు. మేమిద్దరం చూడబోతే తమ్ముడి పక్కన నా భార్య నాకు కుర్చీ వేస్తుంది. “బావ నడిపిస్తెనే నడిచిన,” అని వచ్చినవాళ్లకు చెప్తాడు. నేను టీ తాగి వస్తాను. చూశానని చెప్పడానికి ఇన్నేళ్లలో నోరు రాలేదు. అతనికి చదువొచ్చు కనుక ఇది రాస్తున్నాను.

ఆ రోజు ఆ దారిలో ఉన్నవాళ్లు: ఆటో తోలే స్వామి, కాశిబుగ్గ మగ్గం స్వామి, మాకు వంట చేసిన రఘునాథపల్లి రైతు స్వామి, గుడిసె ముందు లేచి నిలబడ్డ మలయాళీ నర్సు, నా బామ్మర్ది, అతని వెనక నేను.