మడతబందు పెట్టే చోటు

ఈమధ్య నేల మీద నుంచి లేచేటప్పుడు నా కుడి మోకాలు టక్కుమంటుంది. లెక్కపెట్టాను, పదిసార్లు లేస్తే ఏడుసార్లు. నొప్పి లేదు, వయసుతో వచ్చే చప్పుడేనట. అయినా అది వినగానే నా బొటనవేలు మోకాలి పక్కనున్న ఎముక బుడిపెను తడుముతుంది. అలా తడమడం నేర్పినవాడు మునస్వామి మేస్త్రి. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన మంచితనం దగ్గర మొదలుపెట్టి, నా తప్పు దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేసేవాణ్ణి.

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఒక ధర్మాసుపత్రి వెనక రేకుల షెడ్డులో పోలియో వచ్చిన కాళ్ళకు కాలిపర్లు చేసేవాళ్ళం. కాలికి రెండు పక్కలా ఇనుప పట్టీలు, తొడకూ పిక్కకూ తోలు పట్టాలు, మోకాలి దగ్గర మడతబందు. నడిచేటప్పుడు బందుకు గడియ వేసుకోవాలి, కూర్చునేటప్పుడు తీసుకోవాలి. షెడ్డులో ఉన్నది ఇద్దరమే. మేస్త్రి చెప్పులు కుట్టే పని నుంచి వచ్చినవాడు, చదువుకోలేదు. నేను పదో తరగతి తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కొలతలు రాయడం నా పని. తయారైన ప్రతి కాలిపర్ లోపలివైపున మేస్త్రి గుర్తు, 'ము' అనే అక్షరం, అచ్చు కొట్టేవాళ్ళం.

మడతబందు చోటు కోసం మేస్త్రి టేపు ముట్టుకునేవాడు కాదు. మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, ఉత్త పట్టీలను కాలి పక్కన ఆనించి, కాలు మడిపించి చాపించేవాడు. పిక్క మీద గీసిన సుద్దగీత నుంచి పట్టీ జారితే, బందును కాస్త పైకో వెనక్కో జరిపి మళ్ళీ మడిపించేవాడు. ఒక్కో కాలికి అరగంట పట్టేది.

"ఇంత తిప్పలెందుకు మేస్త్రీ? తలుపు బందు మాదిరే కదా" అన్నాను ఒకరోజు.

"తలుపు ఒకే చీల మీద తిరగతాదప్పా. ఇది అట్ల కాదు." రెండు పిడికిళ్ళు పక్కపక్కన చేర్చి నా అరచేతుల మీద పెట్టాడు. "ఇది తొడెముక కొస. నీ చేతులు కాలెముక తల. సూడు." పిడికిళ్ళు దొర్లాయి, దొర్లుతూనే జారాయి. "కాలు పూరా చాపినప్పుడు ఆఖర్న కాలెముక రవ్వంత బయటికి తిరిగి బిగుసుకుంటాది. కదలని చోటు మోకాల్లో యాడా లేదు. తక్కువ కదిలే చోటు ఎతుక్కోవాల."

"అది ఎంత ఎత్తులో ఉంటాది?"

"నన్నడిగితే? ఆ కాలును అడుగు."

ఆ జవాబు నాకు నచ్చలేదు. నా నోటుపుస్తకంలో అప్పటికి నూట పన్నెండు కాళ్ళ కొలతలున్నాయి; ఆ లెక్క మేస్త్రికి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మడమ నుంచి తుంటి దాకా పొడవులో బందు ఎన్నో వంతున పడిందో భాగించి చూశాను. దాదాపు అన్నీ ఒకే భిన్నానికి వచ్చాయి. అరగంట పని అర నిమిషంలో తేల్చేశానని లోలోపల పొంగిపోయాను. 'దాదాపు' అనే మాటను పట్టించుకోలేదు.

అప్పుడే బంగారుపాళ్యం నుంచి చెంగమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. మేస్త్రి జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. తను వచ్చేదాకా ఎవరికీ బందు బిగించొద్దని కబురు పంపాడు.

"వారంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ తెరస్తారన్నా. కాయలు ఏరే పని. కూర్సోని లేస్తా ఉండాల. కాలిపర్ ఉంటే చేర్చుకుంటామన్నారు."

కొలతలు రాసుకుని, షెడ్డు లోపల నా భిన్నం ప్రకారం బందు బిగించి, అలవాటు ప్రకారం 'ము' అచ్చు కొట్టి ఇచ్చాను. అది మేస్త్రి చేసిందేననుకుంది చెంగమ్మ. గడియ వేసుకుని చక్కగా నడిచింది. కూర్చున్నప్పుడు మాత్రం, "పిక్క పట్టేస్తా ఉండాదన్నా" అంది.

"కొత్త తోలు కదమ్మా. నాలుగు దినాలు పోతే సర్దుకుంటాది" అన్నాను.

పంతొమ్మిదో రోజున తిరిగొచ్చింది. కూర్చున్న ప్రతిసారీ పట్టా జారి కోసి, పిక్క మీద పుండు పడి మడమ దాకా వాచింది. పోలియో వల్ల ఆమె మోకాలి కింది ఎముక తొడకన్నా ఎక్కువ పొట్టిపడింది. నా బందు ఉండాల్సిన చోటుకు ముప్పాతిక అంగుళం పైన పడింది.

వారానికోసారి వచ్చే డాక్టరు కాలిపర్ తిప్పి అచ్చు చూశాడు. "మునస్వామీ, ఇది నీ పనేనా?"

మేస్త్రి దాన్ని అందుకుని బందు మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నోటుపుస్తకంలోకి చూశాను.

"నా గుర్తే సార్."

"నీకు చూపు ఆనడం లేదు. ఇకమీదట కొలతలూ బందులూ ఇతనే చూస్తాడు. నువ్వు తోలు కుట్టు."

"ఫ్యాక్టరీలో నా జాగాలో ఇంకొకర్ని పెట్టుకునేసినారు" అని చెంగమ్మ ఏడ్చింది. మేస్త్రి వైపు తిరిగి, "కళ్ళు కనపడనోడివి ఈ పని ఎందుకు చేస్తావు తాతా?" అంది. ఆయన తల వంచుకుని విన్నాడు.

అందరూ వెళ్ళాక "మేస్త్రీ, నేను..." అన్నాను.

"నూట పదమూడోది రాసుకో అప్పా. లెక్క తప్పకూడదు కదా." అంతకుమించి ఎన్నడూ ఏమీ అనలేదు.

పుండు మానాక చెంగమ్మ కాలికి బందు నేనే మార్చాను, ఆయన పద్ధతిలో. తర్వాత ఆరేళ్ళు మేస్త్రి మూలన కూర్చుని తోలు కుట్టాడు. డాక్టరు ఆయన్ను ఒక్క మోకాలినీ ముట్టుకోనివ్వలేదు. నాకు అనుమానం వస్తే పట్టీలు తీసుకుని ఆయన దగ్గరికే పోయేవాణ్ణి. సూది ఆపకుండానే చెప్పేవాడు. డాక్టరు వచ్చిన ప్రతి సోమవారం నిజం చెప్పాలనుకునేవాణ్ణి. కానీ జనం నన్ను 'డాక్టరయ్యా' అనడం మొదలుపెట్టారు. అది నాకు బాగుండింది.

మేస్త్రి పోయిన రెండేళ్ళకు చిత్తూరు బస్టాండులో చెంగమ్మ నన్ను గుర్తుపట్టింది. పుండు మానిన మరుసటేడే ఫ్యాక్టరీలో చేరిందట.

"ఆ గుడ్డి మేస్త్రి నా కాలు పోగొట్టేవాడే. నువ్వుండబట్టి నడస్తా ఉండాను" అంది.

అప్పటికి నేను షెడ్డు పని మానేశాను. డాక్టరు కూడా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. చెబితే పోయేదేమీ లేదు. అయినా తల ఊపాను.

బస్సెక్కి కిటికీలోంచి ఆమె నాకు దండం పెట్టింది. ఆయనకు చెందాల్సిన ఆ దండాన్ని చేతులెత్తి నేనే తీసుకున్నాను.