కుప్పంలో బోర్లించిన కుండ

నా కథ మొదట నాకు చెప్పింది ఖాదర్ బాషా. మదనపల్లెలో పలుపుతాళ్లు అమ్ముతాడు. ఆవుకు పలుపు కొందామని పోతే టీ తెప్పించి, "ఇది ఇన్యావా పెద్దాయనా? కుప్పంలో పెండ్లి మాటలకు పుంగనూరు పక్కనుంచి ఎవరో మేనమామ పెరుగని చెప్పి నీళ్లపాలు తెచ్చినాడంట. అందరి ముందరా కుండ బోర్లించినాడంట" అని కడుపు పట్టుకొని నవ్వినాడు.

నేను నవ్వలేదు. "ఆ మేనమామను నేనే" అన్నాను.

ఖాదర్ గ్లాసు కింద పెట్టినాడు. "మాఫ్ కరో అప్పా. నీళ్ల సంగతి అబద్ధం అయ్యుంటాది."

అయ్యుంటాది కాదు. అబద్ధమే. జరిగింది ఇది.

మా ఆవుకు పొదుగు వాచింది. పశువుల డాక్టరు ముందు ఏసిన మందుకు తగ్గలేదని, ఎరిత్రోమైసిన్ అనే సూది తొడకు ఏసినాడు. "నేను చెప్పేదాకా పాలు వాడొద్దప్పా, పారబొయ్యి" అన్నాడు. పారబోసినాను. వాపు తగ్గింది. ఇంక ఆయన్ని అడిగే పనేముంది అనుకున్నాను. సూది గుచ్చింది తొడకు, పాలొచ్చేది పొదుగులోంచి.

అప్పుడే కుప్పంలో మా చెల్లెలి కూతురికి పెండ్లి మాటలు. మా ఇంటి పెరుగు కుండ బోర్లించినా కింద పడదు. మా అమ్మ కాలం నుంచి ఉండే పేరు అది. దూరం పోయేటప్పుడు గోరువెచ్చని పాలల్లో తోడేసి, మూతికి గుడ్డ కట్టి బస్సెక్కుతాము. ఊరు చేరేలోపల ఒళ్లోనే తోడుకుంటాది. మధ్యలో గుడ్డ విప్పకూడదు. ఆ ఆవు పాలే అట్ల తోడేసి కుప్పం బస్సెక్కినాను.

"కుండ కింద పెట్టు పెద్దాయనా" అన్నాడు కండక్టరు.

"కింద పెడితే అదురుతాది. నువ్వు టికెట్టు కొట్టుకో" అన్నాను. పక్కసీటాయనకు మా పెరుగు గొప్ప కుప్పం దాకా చెప్పినాను.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. పెండ్లి పిల్లోని నాయన మునెప్ప, "ఇంత దూరం అదురుకుంటా వచ్చినాది, పెరుగా మజ్జిగా బావా?" అన్నాడు. నాకు రోషమొచ్చింది. గుడ్డ విప్పినాను. పైన మీగడ మందంగా కట్టుండాది. పెరుగే అనుకున్నాను. "సూడు బావా" అని ఆయన ముందరే బోర్లించినాను.

ముందు మీగడ పడింది. దాని ఎనక కుండెడు పాలు, ఆయన కొత్త పంచె మీద.

మునెప్ప వేలు నాకి చూసినాడు. "పులుపు కూడా లేదే. ఎంత నీళ్లు పోసినావప్పా?"

సంబంధం మాత్రం నిలిచింది. ఆయన నోరు ఊరుకోలేదు. ఈ పొద్దుకీ మా పిల్ల పెరుగు వడ్డించబోతే, "మీ మామ ఇంటి పెరుగైతే గిన్నె యాల, గ్లాసు సాలు" అంటాడంట. ఆ పిల్ల తల వంచుకుంటాదంట. ఆ ఇంట్లో నేను మళ్లా మంచినీళ్లు తాగలేదు.

మాటలప్పుడు కుప్పం నుంచి తిరిగొచ్చి డాక్టర్ని నిలేసినాను.

"సూది యాడ ఏస్తే మందు ఆడ్నే ఉంటాదనుకున్యావా? రక్తం దానికి దారి మాత్రమే. దారిలో ఎక్కువసేపు నిలబడదు. కండల్లోకి, ఊపిరితిత్తుల్లోకి, పొదుగులోకి పోతాది. ఒళ్లంతా కణాలని కంటికి కనపడని చిన్న చిన్న గదులు ఉంటాయి, వాటి లోపల దూరి కూర్చుంటాది. రక్తంలో కంటే ఆడ్నే ఎక్కువ చేరుతాది. అందుకే పొదుగు వాపుకు పనికొచ్చింది. వాపు పోయినంత మాత్రాన మందు పోదు, పాలల్లోకి దిగతానే ఉంటాది. పాలను పెరుగు చేసేది కూడా సూక్ష్మజీవులే గదా. వాపు తెచ్చిన వాటిని అణిచినట్లే వీటినీ అణిచింది."

"ఇదంతా ముందే యాల చెప్పలేదు?"

"పారబొయ్యి అన్యా గదా. పాఠం చెప్తేగానీ మాట ఇనవా?"

ఆ మాటకు ఆయనతో ఇప్పటికీ సరిగా మాట్లాడను.

ఇదంతా ఖాదర్‌కు చెప్పినాను. తాళ్లు అమ్మేదానికి కుప్పం పోతాంటాడు. మునెప్పకు నిజం చెప్పి రమ్మన్నాను. "ఏమని చెప్పేదప్పా? పోసింది నీళ్లు కాదు, పశువుల మందని చెప్తే నీ పేరు బాగుపడతాదా?" అన్నాడు. పుంగనూరు వచ్చేదాకా ఆలోచన చేసినాను.

అయినా నిజం నిజమే. కుప్పం పోయేవాళ్లు ఎవరైనా ఉంటే మునెప్ప ఇంటికి పోయి చెప్పండి. మా పిల్లను గ్లాసు పేరుతో ఏడిపించొద్దనండి. డాక్టరు మాట విననిది నేను. కుండ బోర్లించింది నేను. పాలల్లో మందుంది. నీళ్లు మాత్రం చుక్క కలపలేదు.